గడప బయట ఫ్యూజు బాక్సు

ఆషాఢమాసంలో కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదని శాస్త్రం చెబుతుందట. ఏ శాస్త్రం, అందులో ఎన్నో పేజీ అని తాయారును అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకు కాస్త లోపలగా, ఒకప్పటి జొన్నచేలో ప్లాట్లు వేసి కట్టిన కాలనీలో ఆమె ఇల్లు. తణుకు నుంచి వచ్చి పాతికేళ్లు దాటింది. ఈ పాతికేళ్లలో నీళ్లు మారాయి, పొరుగు మారింది, పిల్ల మాట్లాడే తెలుగు కూడా కొంత మారింది. ఆచారాలు మాత్రం ఆనాడు లారీలోంచి సామానుతో పాటు ఎలా దిగాయో అలాగే ఉన్నాయి.

కూతురు కిరణ్మయికి ఎండాకాలంలో పెళ్లయింది. ఆషాఢం రాగానే పద్ధతి ప్రకారం పుట్టింటికి వచ్చేసింది. అల్లుడు రమాకాంత్ పెద్ద అంబర్‌పేట్‌లోని ఫ్లాటులో ఒంటికాయ శొంఠికొమ్ములా మిగిలాడు. పెళ్లయిన కొత్తలో ఆదివారం పూట భార్యను చూడకుండా ఏ మగవాడు ఉంటాడు? గడప తొక్కితే అత్తగారికి అరిష్టం, తొక్కకపోతే అల్లుడికి విరహం. తాయారు రెండు రోజులు ఆలోచించి తీర్పు చెప్పింది. గేటుకు గడప ఉండదు కనుక గేటు దాటి రావచ్చు. వాకిట్లో రేకుల షెడ్డు కింద కూర్చోవచ్చు. కాఫీ, టిఫిను, భోజనం, భార్య, అన్నీ అక్కడికే వస్తాయి. పెద్ద పెద్ద కోర్టులు కూడా ఇరుపక్షాలకూ ఇంత న్యాయం చేసి ఉండవు.

తీర్పులో ఒక్కటే లోపం. షెడ్డు కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలతో పాటు తాయారు భర్త వెంకటసుబ్బారావు బండి కూడా ఉంది.

సుబ్బారావుది టీపొడి వ్యాపారం. ఇబ్రహీంపట్నం నుంచి ఇటు యాచారం, అటు మంచాల దాకా హోటళ్లకూ టీ బడ్డీలకూ ఆయనే పొడి వేస్తాడు. ఇరవై ఏళ్ల నాటి ఆ బండి వెనక రెండు సంచులు వేలాడేసుకుని పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. ఇంట్లో ఏ చొక్కా తొడగాలో, టీవీలో ఏది చూడాలో, ఎవరింటి పేరంటానికి ఎంతసేపు ముఖం చూపించాలో ఆయనకు చెప్పేవాళ్లున్నారు. బండెక్కాక మాత్రం హ్యాండిల్ ఎటు తిప్పితే అటే పోతుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషికి అదొక్కటే స్వరాజ్యం. ఆ స్వరాజ్యం మీదికే అల్లుడు దండెత్తాడు. అదీ మామగారు నోరారా పిలిస్తేనే.

మొదటి ఆదివారం మామా అల్లుళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. వానల సంగతి అయిపోయింది. కొంగరకలాన్‌లో ప్లాట్ల రేట్లు అయిపోయాయి. ఎల్బీనగర్ ట్రాఫిక్కూ అయిపోయింది. ఇంకా ఇడ్లీలు రాలేదు. కొత్త అల్లుడి ముందు నోరు మూసుకుని కూర్చుంటే పొగరనుకుంటాడేమోనని సుబ్బారావుకు గుబులు పుట్టింది. ఏదో ఒకటి అనాలి కనుక అన్నాడు.

"అల్లుడుగారూ, మీరు ఎలక్ట్రానిక్స్ కదా. ఈ బండికి ఫోను చార్జింగు పెట్టించుకోవాలంటే ఎలాగంటారు?"

రమాకాంత్ కొంగరకలాన్ వైపు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో మేనేజరు. ఈ ముక్క తాయారు కాలనీలో చెప్పని గుమ్మం లేదు. ఏం మేనేజ్ చేస్తాడని మాత్రం ఎవరూ అడగలేదు. పెళ్లి సంబంధాల్లో మేనేజరు అన్న మాట వినబడ్డాక ఇక ప్రశ్నలుండవు, ముహూర్తాలే ఉంటాయి.

రమాకాంత్ కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు. ముఖంలో ఏదో మెదిలి మాయమైంది. సుబ్బారావు దాన్ని ఉత్సాహం అనుకున్నాడు.

"దానిదేముంది మామయ్యగారూ, నేనే పెడతాను" అన్నాడు అల్లుడు.

మరుసటి ఆదివారం ఒక పార్శిల్‌తో దిగాడు. అందులోంచి అరచేతి పొడవున్న నల్లటి బాక్సు బయటపడింది. మూత తీస్తే లోపల వరసగా రంగురంగుల ఫ్యూజులు. చార్జరుకో వైరు, లైటుకో వైరు అని బ్యాటరీకి తగిలించుకుంటూ పోతే గందరగోళమనీ, బ్యాటరీ నుంచి ఒకే ఒక్క వైరు ఈ బాక్సులోకి తెచ్చి, ఇక్కడి నుంచి దేనికి కావలసిన కరెంటు దానికి దాని ఫ్యూజు మీదుగా పంచుతారనీ రమాకాంత్ వివరించాడు. పెళ్లి భోజనాల్లో ఒక్క గుండిగలోంచి తీసి అన్ని వరసలకూ వడ్డించినట్టన్నమాట. దీనివల్ల బండికి ఎంతో రక్షణ అని కూడా చెప్పాడు. రక్షణ అనే మాట వినగానే సుబ్బారావుకు గుండె జారింది. ఇరవై ఏళ్లుగా ఆ బండికి ఏ రక్షణా అవసరం పడలేదు.

కానీ వద్దనడం ఎలా? అల్లుడు అప్పటికే సీటు ఊడదీశాడు. కిటికీలోంచి ఎక్స్‌టెన్షను బోర్డు బయటకు లాగారు. కిరణ్మయి కత్తెర పట్టుకుంది. తాయారు తలుపు చాటునుంచి రన్నింగ్ కామెంటరీ మొదలెట్టింది. సీటు పక్కకు వేలాడుతున్న బండిని చూస్తే, ఆపరేషను గదిలో సొంతవాళ్లను చూసినట్టనిపించి సుబ్బారావు ముఖం తిప్పుకున్నాడు. సాయంత్రానికి హ్యాండిల్ దగ్గర చార్జరు మీద చిన్న ఎర్రదీపం వెలిగింది.

"బాగుందని గట్టిగా అనండి" అని తాయారు తలుపు చాటునుంచి పళ్లబిగువున అంది.

"బ్రహ్మాండం అల్లుడుగారూ!" అని సుబ్బారావు గట్టిగా అన్నాడు. అక్కడితో ఊరుకుంటే పోయేది. గోదావరి జిల్లాలో పుట్టిన మనిషి ఒక్క గారె వడ్డించి ఊరుకుంటాడా? "ఇంకేం పెడదామంటారు?" అని కూడా అన్నాడు.

ఆ పైవారం రెండు ఫాగ్ లైట్లు వచ్చాయి. వాటితో పాటే లారీ కూడా సిగ్గుపడే జోడు హారను వచ్చింది. ఆ తర్వాత బండి కింద నీలం వెలుగు. చివరికి, చలికి చేతులు కొంకర్లు పోకుండా వెచ్చబెట్టే హ్యాండిల్ గ్రిప్పులు. ఇబ్రహీంపట్నంలో చేతులు కొంకర్లు పోయిన మనిషిని సుబ్బారావు ఇంతవరకూ చూడలేదు. అయినా ప్రతి ఆదివారం సాయంత్రం అల్లుడు ముఖం తుడుచుకుంటూ "ఎలా ఉంది మామయ్యగారూ?" అనడం, ఈయన "బ్రహ్మాండం! ఇంకేం పెడదామంటారు?" అనడం సంధ్యావందనంలా జరిగిపోయాయి. ఒకసారి మొదలుపెట్టిన అబద్ధాన్ని మధ్యలో ఆపితే మొదటిదీ అబద్ధమని తెలిసిపోతుంది కదా.

సోమవారం నుంచి శనివారం దాకా ఆ బ్రహ్మాండాన్ని మోసింది మాత్రం సుబ్బారావే. తాళం తీసేసినా కరెంటు పోతూనే ఉండేది కనుక పొద్దున్నే బ్యాటరీ సగం చచ్చి ఉండేది. కిక్కు కొట్టీ కొట్టీ మోకాలు పట్టేసింది. ఎడమవైపు లైటు వేస్తే హారను మోగేది. యాచారం రోడ్డులో టీ బడ్డీ నడిపే సక్కుబాయి నీలం వెలుగులు చూసి నోరు నొక్కుకుంది.

"ఏందే సుబ్బారావన్నా, బండిని బరాత్‌కు తోల్కపోతున్నవా?"

పెళ్లి ఊరేగింపు మాటకు సుబ్బారావు నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోలేకపోయింది ఇంకొకటుంది. ఎక్కువసేపు నడిపితే సీటు కింద నుంచి వెచ్చగా ఏదో తగిలేది, దాని వెనకే ప్లాస్టిక్ కాలిన వాసన. ఒకరోజు ఇంటికి రాగానే తాయారును షెడ్డులోకి పిలిచి వాసన చూడమన్నాడు. ఆమె వంగి చూసింది. ఒక్క క్షణం ముఖం మారింది. వెంటనే సర్దుకుంది.

"పొయ్యి మీద పోపు వేశాను, ఆ వాసనేలెండి" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఉన్నా లేకపోయినా అల్లుడుగారితో మాత్రం అనకండి. ముచ్చటపడి చేసింది వంక పెడితే చిన్నబుచ్చుకుంటారు. అమ్మాయి రేపు ఆయనతో కాపురం చెయ్యాలి."

కక్కలేక మింగలేక సుబ్బారావు మర్నాడు జహంగీర్ దగ్గరకు వెళ్లాడు. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక జహంగీర్‌కు మెకానిక్ షాపుంది. వాళ్ల తాతలనాటి నుంచీ మంచాల పక్కన పల్లెలో వ్యవసాయం. ఈయన ఒక్కడే స్పానర్లు పట్టాడు. ఈ బండి ఆయన చేతి మీదే ఇన్నేళ్లు నడిచింది. నోరు పెద్దది, పని నిదానం. ఒక్కోసారి రిపేరుకిచ్చిన బండి మీదే పెళ్లికి వెళ్లొచ్చేవాడు. సీటు ఎత్తి చూసి చేతులు రెండూ నెత్తిన పెట్టుకున్నాడు.

"యా అల్లా! గిదేంది అన్నా, సీటు కింద నూడుల్స్ ఒండినవా?"

"మా అల్లుడుగారు పెట్టారు."

"గీ వైరు జూడు, దారం లెక్కున్నది. బ్యాటరీ కాడికెళ్లి సీదా బాక్సులకు పోయింది. నడుమల మెయిన్ ఫ్యూజు ఏది?"

"బాక్సు నిండా ఫ్యూజులేగా భాయ్?"

"గవ్వి బాక్సు దాటినంక పోయే వైర్లకు. బాక్సు దాక వచ్చే వైరుకు దిక్కెవ్వలు? గిదిగో, ఈడ ఫ్రేముకు రాసుకుంటున్నది. పైతోలు సగం పోయింది. పూర్తిగ పోయిన్నాడు మంటలే. పక్కకే పెట్రోలు ట్యాంకు." జహంగీర్ కటింగ్ ప్లేయరు తీశాడు. "నువ్వు ఊ అను. ఇప్పుడే మొత్తం పీకి పారేస్త."

ఆ ఒక్క అక్షరం సుబ్బారావు నోట్లోంచి రాలేదు. ఆదివారం అల్లుడు వస్తాడు. సీటెత్తి చూస్తాడు. ముఖం చిన్నబోతుంది. అక్కడి నుంచి తాయారు ముఖం, కూతురు ముఖం వరసగా కళ్ల ముందు తిరిగాయి.

"వద్దు భాయ్. ఆయన మనసు కష్టపెట్టుకుంటారు."

"అల్లుని మనసు కోసం నువ్వు కాలి సస్తవా? సాఫ్ సాఫ్ చెప్పు. నోరు దేనికిచ్చిండు దేవుడు?"

సిగ్గేసి సుబ్బారావు పైకి చూశాడు. షాపులో కొత్త సీలింగు ఫ్యాను తిరుగుతోంది. తిరుగుతోంది అనడం కంటే ఊగుతోంది అనడం నిజం. ఇప్పుడో ఇంకాసేపటికో రాలేట్టుంది. దాని కింద ఎవరూ లేరు. జహంగీర్ స్టూలు, పనిముట్లు, చివరికి నీళ్ల కూజా కూడా మూలకు చేరి ఉన్నాయి.

"ఈ ఫ్యాను ఎవరు పెట్టారు భాయ్?"

జహంగీర్ గొంతు తగ్గింది. "అమీర్ పెట్టిండు. మా బిడ్డ సాయిమా మొగడు."

"సాఫ్ సాఫ్ చెప్పావా మరి?"

"నాకేందన్నా, నేను జరిగి కూసుంటున్న" అన్నాడు జహంగీర్. "నువ్వు బండి మీద జరిగి యాడ కూసుంటవ్?"

జహంగీర్ ఒరుసుకుపోయిన చోట నాలుగు చుట్లు టేపు చుట్టి, గట్టిగా నొక్కి, ఇది ఎన్ని రోజులు ఆగుతుందో తనకు తెలియదనీ, ఎవరైనా అడిగితే తను చూడనేలేదనీ చెప్పాడు. దామాదుల, అదే అల్లుళ్ల, విషయంలో ఆయన హద్దు ఆయనకు తెలుసు. సుబ్బారావు మళ్లీ అదే బండి ఎక్కాడు. ట్యాంకుకు మోకాళ్లు తగలకుండా దూరంగా పెట్టుకుని, మండుతున్న పొయ్యి మీద కూర్చున్నవాడిలా ఇంటికి చేరాడు. దారి పొడుగునా తిట్టుకున్నాడు. అల్లుణ్ని కాదు, తనను.

ఆషాఢం గడిచింది. శ్రావణంలో మొదటి ఆదివారం రమాకాంత్ అధికారికంగా గడప దాటే రోజు. తాయారు తెల్లారకముందే లేచి పులిహోర కలిపింది, బొబ్బట్లు చేసింది, గుమ్మానికి మామిడాకులు కట్టింది. అల్లుడు కొత్త చొక్కాలో వచ్చాడు. కిరణ్మయి పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని షెడ్డులోకి వచ్చింది. అప్పుడు తాయారుకు ఆలోచన తట్టింది.

"లోపలికి వచ్చేముందు ఇద్దరూ అలా ఆంజనేయస్వామి గుడిదాకా వెళ్లి దణ్ణం పెట్టుకు రండి. మామయ్యగారి బండి మీదే వెళ్లండి. అల్లుడుగారు స్వయంగా చేసిన బండి కాలనీవాళ్లు కూడా చూసినట్టుంటుంది. మీరు వచ్చేసరికి హారతి సిద్ధంగా ఉంచుతాను."

రమాకాంత్ బండి వంక చూశాడు. "క్యాబులో వెళ్లొస్తామండీ" అని గొణిగాడు. తాయారు వినలేదు. మర్యాదలు చేసేవాళ్లకు చెవులుండవు. అతను బండి దించి ఎక్కాడు. కిరణ్మయి పట్టుచీర సర్దుకుని వెనక కూర్చుంది. కొంగు జారి సరిగ్గా సీటు పక్కన బిగించిన ఆ నల్ల బాక్సు మీద పడింది. ఫాగ్ లైట్లు వెలిగాయి. నీలం వెలుగు వెలిగింది. పొద్దున్నే సుబ్బారావు ఆ వైరు చూడనే చూశాడు. టేపు కరిగి జిగురులా కిందికి జారి ఉంది.

రమాకాంత్ కిక్కు మీద కాలు పెట్టి ఆగాడు. "మామయ్యగారూ, రోజూ నడిపేది మీరు. బండి బాగానే ఉంది కదండీ?"

తాయారు భర్త వంక చూసింది. ముప్పై ఏళ్లుగా ఆ చూపుకు ఒకటే అర్థం. సుబ్బారావు నోరు తెరిచాడు. అలవాటైన ప్రాణం కదా, "బ్ర" అనే అక్షరం దానంతటదే పెదాల దాకా వచ్చేసింది. కన్నకూతురు నిప్పు మీద కూర్చుని ఉంటే తన నోట్లోంచి బ్రహ్మాండం రాబోయింది. అది తెలిసిన క్షణాన ఆయనకు ఒళ్లంతా చెమట పట్టింది.

"దిగమ్మా" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"దిగు! ఆ బండి కాలిపోతుంది. ఇద్దరూ దిగండి!"

అంత గట్టిగా ఆయన అరవడం ఆ కాలనీలో అంతకుముందు ఎవరూ వినలేదు. కిరణ్మయి గబుక్కున దిగింది. రమాకాంత్ తాళం తీసి, బండి స్టాండు వేసి, దూరంగా నిలబడ్డాడు. తాయారు "ఏవండీ" అని ఆగిపోయింది. సుబ్బారావు వంగి, బ్యాటరీ వైరు చేత్తో ఊడలాగి పారేశాడు. లైట్లన్నీ ఆరిపోయాయి.

"క్షమించండి అల్లుడుగారూ" అన్నాడు రొప్పుతూ. "బాక్సుకు వచ్చే వైరు సన్నం. దానికి ఫ్యూజు లేదు. ఫ్రేముకు రాసుకుని తోలు పోయింది. కాలిన వాసన ఎన్నాళ్లనుంచో వస్తోంది."

రమాకాంత్ ముఖం పాలిపోయింది. "మరి ప్రతివారం బ్రహ్మాండం అన్నారు కదండీ?"

"అల్లుడు చేసిన పనిని బాగాలేదని ఎలా అంటానండీ?"

"నాకు అనుమానంగానే ఉండేదండీ. అందుకే ప్రతిసారీ మిమ్మల్ని అడిగేవాణ్ని." అతను తలొంచుకున్నాడు. "నాకసలు వైరింగు రాదు. నేను ఫ్యాక్టరీలో స్టాఫు బస్సులూ క్యాంటీనూ చూసుకుంటాను."

కాలనీ అంతా చాటింపు వేసిన ఎలక్ట్రానిక్స్ అలా సాంబారులో కలిసిపోయింది.

"రాకపోతే ఎందుకు మొదలుపెట్టారు బాబూ?" అని సుబ్బారావు అడిగాడు.

"మొదటిరోజే మామగారు నోరు తెరిచి అడిగితే రాదని ఎలా చెబుతానండీ? వీడియోలు చూసి చార్జరు పెట్టాను, అక్కడితో అయిపోయిందనుకున్నాను. మీరేమో ఇంకేం పెడదాం అన్నారు."

"నేను మర్యాదకు అన్నానండీ!"

"నేనూ మర్యాదకే పెట్టానండీ" అన్నాడు రమాకాంత్. చేతులు చాచి చూపించాడు. సోల్డరింగు తగిలి వేళ్ల నిండా బొబ్బలు. "వారం మొత్తం ఆదివారం వస్తుందంటే భయమేసేది."

కిరణ్మయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ ఇద్దరి మర్యాదకీ మధ్యలో నన్ను తగలబెట్టేవాళ్లు" అంది. వెంటనే గొంతు మారింది. "అంటే నాన్నా, ఇన్నాళ్లూ నువ్వు దీని మీదే తిరిగావా? అమ్మా, నీకు తెలుసా?"

"పోపు వాసనేమో అనుకున్నానే" అంది తాయారు.

సుబ్బారావు భార్య వంక చూడలేదు. ఆమెను తప్పుపట్టడానికి ఆయనకు మొహం చెల్లలేదు. మొగుడి ప్రాణం అల్లుడు చిన్నబుచ్చుకోవడం కంటే చవకని ఆమె ఒక్కతే అనుకుందా? తనూ అదే అనుకున్నాడు. అదే ధరకు తనను తాను రోజూ అమ్ముకుంటూ యాచారం దాకా వెళ్లొచ్చాడు. ఆ సంగతి గుండెలో ముల్లులా గుచ్చుకుంది.

ఆయన కుర్చీ బండి దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. సీటు ఊడదీశాడు. రమాకాంత్ కొత్త చొక్కా చేతులు మడుచుకుని ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. ఏ వైరు ఎక్కడికి పోతుందో పెట్టినవాడికీ తెలియదు, మోసినవాడికీ తెలియదు. ఒక్కొక్కటే పట్టుకుని లాగుతూ, ఇది హారనుదా, గ్రిప్పులదా అని పోట్లాడుకోవడం మొదలెట్టారు. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ మనస్ఫూర్తిగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. కిరణ్మయి కుచ్చిళ్లు ఎగదోపుకుని టార్చి పట్టుకుంది.

తాయారు లోపలికి వెళ్లి హారతి పళ్లెంతో గుమ్మంలోకి వచ్చింది. "వర్జ్యం వచ్చేస్తోంది. అల్లుడుగారిని ముందు గడప దాటించాలి. ఆ పని తర్వాత చూసుకోవచ్చు, లేచి రండి."

రమాకాంత్ అలవాటు చొప్పున లేవబోయాడు.

"కూర్చోండి" అన్నాడు సుబ్బారావు. తలెత్తి భార్యను చూశాడు. "మేం రావడం లేదు తాయారూ. ఇది పూర్తయ్యేదాకా ఇద్దరమూ రాము."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నోట వచ్చిన మొదటి "కాదు" అదే. అన్నాక ఏం ముంచుకొస్తుందోనని ఊపిరి బిగబట్టి చూశాడు. ఏమీ రాలేదు. తాయారు కాసేపు నిలబడి, పళ్లెం అరుగు మీద పెట్టి, "చేతులు కడుక్కోకుండా బొబ్బట్లు ముట్టుకోకండి" అని లోపలికి వెళ్లిపోయింది. ఇంతే. ఇంత సులువైన పనికా తను ఇన్నేళ్లు భయపడ్డాడు అనుకుంటే సుబ్బారావుకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. అల్లుడికి కనబడకుండా తలొంచుకుని స్క్రూడ్రైవరు అందుకున్నాడు.